నిడదవోలు సీమలో ఆరంభ పూజలు

కొత్త పనికి చేయి పెట్టే ముందు దేవతను తలుచుకోవడం హిందూ సంప్రదాయాలన్నిటా కనిపించే ఆచారం. శైవులు, వైష్ణవులు, శాక్తేయులు, స్మార్తులు, గ్రామదేవతనే ఇలవేల్పుగా కొలిచేవాళ్లు ఎవరి దారిలో వాళ్లు దీన్ని పాటిస్తారు. దేవత మారవచ్చు, మంత్రం మారవచ్చు, అసలు మంత్రమే లేకపోవచ్చు. పని కన్నా ముందు పూజ అనే వరస మాత్రం మారదు. ఈ వ్యాసం ఆ ఆచారాన్ని నిడదవోలు పట్టణాన్నీ, దాని చుట్టూ ఉన్న గోదావరి డెల్టానూ ఆధారం చేసుకుని పరిచయం చేస్తుంది. పల్లపు వరి పొలాలు, కాలువలు, రైసు మిల్లులు, రైలు జంక్షను, పాత రాజుల కోట జ్ఞాపకం అన్నీ ఒకచోట ఉన్న ఊరు ఇది. అందుకే ఆరంభ పూజల్లోని రకరకాల పొరలు ఇక్కడ పక్కపక్కనే కనిపిస్తాయి.

ఆరంభ పూజ అనగానే విజయం కోరుకోవడం గుర్తుకొస్తుంది. ఇక్కడి ఆచారాలను దగ్గరగా చూస్తే కోరిక కన్నా ముందు వినిపించేది వేరే మాట. ఫలానా వాళ్లం, ఫలానా చోట, ఫలానా పని మొదలుపెడుతున్నాం, సెలవిమ్మని అడగడం అది. తవ్వబోయే నేలకు, వాడుకోబోయే నీటికి, ఊరిని కాచే అమ్మవారికి, ఇంట్లో పెద్దలకు ముందుగా చెప్పుకోవడమే ఈ పూజలన్నిటికీ మూలమని ఈ వ్యాసకర్త భావన.

ఊరూ అమ్మవారూ

నిడదవోలు హౌరా-చెన్నై ప్రధాన రైలు మార్గం మీద ఉంది. భీమవరం వైపు వెళ్లే లైను ఇక్కడే చీలుతుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగేదాకా పశ్చిమ గోదావరి జిల్లాలో ఉన్న ఈ పట్టణం ఆ తర్వాత రాజమహేంద్రవరం కేంద్రంగా ఉన్న తూర్పు గోదావరి జిల్లాలోకి వచ్చింది. నిరవద్యప్రోలు దీని పాత పేరు. తూర్పు చాళుక్య వంశపు శాఖ ఒకటి ఇక్కడి నుంచి పాలించింది. 13వ శతాబ్దంలో ఓరుగల్లును ఏలిన కాకతి రుద్రమదేవి భర్త చాళుక్య వీరభద్రుడు ఆ శాఖకు చెందినవాడే.

ఆ కోట జ్ఞాపకం ఈరోజు జనం నోట బతికి ఉన్నది ప్రధానంగా ఒక అమ్మవారి పేరులో. పట్టణాన్ని ఆనుకుని ఉన్న తిమ్మరాజుపాలెంలో కొలువైన కోట సత్తెమ్మ ఈ ప్రాంతమంతటికీ తల్లి. సత్తెమ్మ పేరుతో గోదావరి జిల్లాల పల్లెల్లో చాలా గుళ్లున్నాయి. వాటిలో బాగా పేరున్నది ఈ గుడి. పెళ్లి కుదిరినా, కొత్త బండి కొన్నా, దుకాణం తెరిచినా, దూరదేశం ప్రయాణమైనా ముందు అమ్మవారి గుడికి వెళ్లి, పసుపు కుంకాలు ఇచ్చి, కొబ్బరికాయ కొట్టి రావడం చుట్టుపక్కల ఊళ్ల వాళ్లకు అలవాటు. శుభలేఖ అచ్చయ్యాక నాలుగు మూలలా పసుపు రాసి, మొదటిది దేవుడి దగ్గర పెట్టిన తర్వాతే చుట్టాలకు పంచుతారు. ఆ మొదటి శుభలేఖ కొందరు ఇంటి దేవుడి ముందు పెడతారు, కొందరు సత్తెమ్మ దగ్గరకు తీసుకెళతారు, ఇంకొందరు ద్వారకా తిరుమల వెళతారు.

గ్రామదేవత దగ్గర జరిగే ఆరంభ పూజకు పంచాంగం పెద్దగా అక్కరలేదు. తలంటుకుని, తడి బట్టతోనో కొత్త చీరతోనో వచ్చి, చలిమిడి, పానకం, వడపప్పు నివేదన చేసి, అమ్మకు తమ మాటల్లోనే చెప్పుకుంటారు. సంస్కృత మంత్రం తెలియని వాళ్లకు కూడా ఇక్కడ పూర్తి అధికారం ఉంది. ఆరంభ పూజల చరిత్ర రాసేవాళ్లు శాస్త్ర గ్రంథాల నుంచి మొదలుపెట్టి గ్రామదేవతలను చివర్లో ఒక పేరాలో ముగిస్తారు. డెల్టాలో జనం నడిచే వరస దానికి తలకిందులు. ముందు ఊరి అమ్మవారు, ఆ తర్వాతే పురోహితుడు.

రాజులు కూడా తమ మాటను దేవతలతోనే మొదలుపెట్టారు. తూర్పు చాళుక్యుల రాగి శాసనాలు స్వస్తి వచనంతో ఆరంభమవుతాయి. తరువాత వచ్చే వంశ ప్రశస్తిలో, కౌశికి వరం వల్ల రాజ్యం దక్కిందని, మాతృగణం తమను కాపాడుతోందని, మహాసేనుడి పాదాలను ధ్యానిస్తామని, నారాయణుడి అనుగ్రహంతో వరాహ లాంఛనం వచ్చిందని చెప్పుకుంటారు. ఇచ్చే భూమి వివరాలు, పుచ్చుకునేవారి పేర్లు వచ్చేది వీటి తర్వాతే. దానపత్రం వంటి పాలనా వ్యవహారానికి కూడా ముందుగా దేవతల సాక్ష్యం ఉండాలన్నది ఆనాటి పద్ధతి.

పసుపు గణపతి

పురోహితుడు వచ్చి చేయించే ఏ శుభకార్యమైనా వినాయకుడి పూజతోనే మొదలవుతుంది. దానికి విగ్రహం అక్కర్లేదు. పసుపులో కాసిన్ని నీళ్లు కలిపి ముద్ద చేసి, చిన్న శిఖరంలా నిలబెట్టి, పళ్లెంలో బియ్యం మీద తమలపాకు వేసి దాని మీద పెడతారు. కుంకుమ బొట్టు, అక్షతలు, పూలు, బెల్లం ముక్క చాలు. పూజ అయ్యాక స్వామికి ఉద్వాసన చెప్పి, ముద్దను కాస్త పక్కకు కదుపుతారు. ఆ తర్వాతే అసలు కార్యం. పని పూర్తయ్యాక ఆ పసుపును తొక్కని చోట, మొక్క పాదులోనో పారే నీళ్లలోనో కలుపుతారు. ఇంతటి ప్రధాన దేవుడిని ప్రతి ఇంట్లోనూ, ఎంత బీదవాళ్లైనా, అప్పటికప్పుడు చేసుకోగలగడం ఈ ఆచారంలోని గొప్ప సౌలభ్యం.

తొలి పూజ వినాయకుడిదే ఎందుకైందన్నదానికి తెలుగిళ్లలో అందరికీ తెలిసిన కథ వినాయక చవితి వ్రతకథలోది. విఘ్నాలకు అధిపతి ఎవరన్న పోటీలో కుమారస్వామి నెమలి మీద తీర్థాలన్నీ తిరగబోతే, వినాయకుడు తల్లిదండ్రులకు ప్రదక్షిణ చేసి అన్నిచోట్లా తమ్ముడి కన్నా ముందే ఉన్నాడు. గ్రంథాల్లో దొరికే చరిత్ర ఇంకొంచెం చిత్రంగా ఉంటుంది. మానవ గృహ్యసూత్రంలో వినాయకులు ఒకరు కాదు, నలుగురు. మనుషులను పట్టి పీడించి పనులు చెడగొట్టేవాళ్లు. రాజకుమారుడికి రాజ్యం రాకుండా, కన్యకు వరుడు దొరక్కుండా, రైతుకు పంట చేతికి అందకుండా చేసేది వాళ్లేనని, శాంతి చేయించాలని ఆ సూత్రం చెబుతుంది. యాజ్ఞవల్క్య స్మృతి నాటికి ఆ నలుగురూ ఒక్క వినాయకుడయ్యారు. ఆటంకం పెట్టగలవాడే ఆటంకం తీయగలడన్న ఆలోచనతో భయపెట్టే శక్తి కాలక్రమాన ఇంటింటి ఇష్టదైవమైంది. దారిలో ఉన్నవాడిని తోసుకుపోకుండా పలకరించి వెళ్లాలన్న మర్యాద ఈ మార్పు వెనుక ఉంది.

డెల్టాలో వినాయకుడికి రెండు ప్రసిద్ధ స్థలాలున్నాయి. ఒకటి బిక్కవోలు. తూర్పు చాళుక్యుల కాలపు ఆలయాలకు పేరున్న ఆ ఊళ్లో లక్ష్మీగణపతి పెద్ద ఏకశిలా మూర్తి. భక్తులు స్వామి చెవి దగ్గర నోరు పెట్టి తమ పని చెప్పుకుంటారు. రెండోది కోనసీమలోని అయినవిల్లి. దక్ష ప్రజాపతి తన యజ్ఞానికి ముందు ఇక్కడి సిద్ధి వినాయకుడిని పూజించాడని స్థలపురాణం.

శ్రీవైష్ణవ సంప్రదాయంలో ఈ తొలి స్థానం విష్వక్సేనుడిది. విష్ణువు పరివారానికి సేనాధిపతి ఆయన. నిడదవోలు వాళ్లకు దగ్గరి పుణ్యక్షేత్రమైన ద్వారకా తిరుమలలో వైఖానస ఆగమం ప్రకారం పూజలు జరుగుతాయి. అక్కడ బ్రహ్మోత్సవాల వంటి పెద్ద ఉత్సవాలకు ముందు విష్వక్సేన ఆరాధన, పుట్టమన్నులో నవధాన్యాలు మొలకెత్తించే అంకురార్పణ చేస్తారు. విత్తనాలు మొలిచిన తీరును బట్టి కార్యం సాగే తీరు ఊహించే నమ్మకం కూడా ఉంది. వైశాఖంలో ఒకసారి, ఆశ్వయుజంలో ఒకసారి ఏడాదికి రెండు బ్రహ్మోత్సవాలు జరగడం చిన్న తిరుపతి అని పిలిచే ఈ క్షేత్రం ప్రత్యేకత. తిరుమలలో తీర్చుకోవాల్సిన మొక్కు ఇక్కడ తీర్చుకోవచ్చు గానీ, ఇక్కడ మొక్కింది ఇక్కడే తీర్చుకోవాలన్నది భక్తుల కట్టుబాటు.

సంకల్పం

ఆరంభ పూజలో అందరూ వింటూ ఎవరూ పెద్దగా పట్టించుకోని భాగం సంకల్పం. నిజానికి పూజ మొత్తానికి ఆయువుపట్టు అదే. ఆచమనం, ప్రాణాయామం అయ్యాక యజమాని కుడిచేతిలో అక్షతలు, నీళ్లు పట్టుకుని పురోహితుడు చెప్పినట్టు పలుకుతాడు. బ్రహ్మదేవుడి ఆయుర్దాయంలో రెండో సగం, శ్వేతవరాహ కల్పం, వైవస్వత మన్వంతరం, కలియుగం మొదటి పాదం అంటూ అనంతమైన కాలం నుంచి దిగి, సంవత్సరం, ఆయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం దాకా వస్తాడు. జంబూద్వీపం, భరతఖండం, మేరువుకు దక్షిణ దిక్కు అంటూ మొదలైన చోటు తానున్న ఇంటి దాకా దిగుతుంది. చివరకు గోత్రం, పేరు, భార్యాబిడ్డలు, తలపెట్టిన పని.

ఇందులో ప్రాంతాన్ని బట్టి మారే మాటలు రెండు. తెలుగునాట దిక్కులన్నీ శ్రీశైలం నుంచి కొలుస్తారు కాబట్టి నిడదవోలు సంకల్పంలో శ్రీశైలానికి ఈశాన్య ప్రదేశం అంటారు. రెండోది నదుల లెక్క. నిడదవోలు గోదావరికి పడమటి వైపున ఉంది కాబట్టి ఇక్కడ కృష్ణా గోదావరుల మధ్య దేశం అంటారు. కొవ్వూరు దగ్గర వంతెన దాటి రాజమహేంద్రవరంలో అడుగుపెడితే అదే పురోహితుడు గంగా గోదావరుల మధ్య దేశం అనాలి. ఒక్క వంతెన దాటితే మాట మారిపోయేంత నికరంగా మనిషి తన చోటును దేవుడికి చెప్పుకుంటున్నాడన్నమాట. ఏ పనైనా ఎక్కడో గాలిలో జరగదని, ఒక నేల మీద, ఒక నీటి పక్కన, ఒక పూట జరుగుతుందని ఇంత స్పష్టంగా గుర్తుచేసే ఆచారం మరొకటి కనబడదు.

అమెరికాలో స్థిరపడ్డ తెలుగువాళ్లకు ఇది సమస్యే అయింది. భరతఖండం అని పలికితే అబద్ధమవుతుంది. అక్కడి ఆలయాల్లో పురోహితులు పురాణ భూగోళంలోని క్రౌంచ ద్వీపం, రమణక వర్షం, ఐంద్ర ఖండం వంటి పేర్లను తీసుకుని, దగ్గరి నదుల పేర్లు చేర్చి సంకల్పం చెప్పిస్తున్నారు. 1976లో వెలసిన పిట్స్‌బర్గ్ శ్రీవేంకటేశ్వరాలయం దగ్గర నుంచి కొత్త కారుకు పూజ, అక్షరాభ్యాసం, గృహప్రవేశం అక్కడ మామూలు సేవలైపోయాయి. ఆ దేశాలకు బయలుదేరే ముందు వీసా కోసం హైదరాబాదు దగ్గరి చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు చేసి, పని అయ్యాక 108 చేసే యువతలో గోదావరి జిల్లాల పిల్లలూ చాలామంది ఉంటారు.

రోజు కుదిరించేది పంచాంగం. రాహుకాలం, వర్జ్యం, దుర్ముహూర్తం తప్పించి తారాబలం చూస్తారు. గురు, శుక్ర మౌఢ్యాల్లోనూ ఆషాఢంలోనూ పెళ్లిళ్లు, గృహప్రవేశాలు పెట్టుకోరు. పంచాంగకర్తలైన పిడపర్తి వారి సిద్ధాంతానికి డెల్టాలో గౌరవం ఉంది. రాజమహేంద్రవరంలోని గొల్లపూడి వీరాస్వామి సన్ వంటి ప్రచురణ సంస్థలు పంచాంగాలనూ వ్రతకల్పాలనూ ఇంటింటికీ చేర్చాయి. ఉగాది, అక్షయ తృతీయ, విజయదశమి రోజులకు మాత్రం విడిగా ముహూర్తం చూడనక్కర్లేదని నమ్మకం.

కాలువ, పొలం

డెల్టాలో అన్నిటికన్నా పెద్ద ఆరంభం కాలువలు వదలడం. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. 1833 నాటి కరువును చూసిన తరానికి అది పునర్జన్మ. ఆనకట్ట కింద ఉమ్మడి తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో సుమారు 10 లక్షల ఎకరాలు సాగవుతున్నాయి. పశ్చిమ డెల్టాకు నీళ్లు అందేది నిడదవోలుకు దగ్గరలోని విజ్జేశ్వరం హెడ్‌స్లూయిస్ నుంచి. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. ఖరీఫ్ కోసం సాధారణంగా జూన్ మొదటి రోజుల్లో తిరిగి వదులుతారు. ఆ పూట ఇంజనీర్లు, ప్రజాప్రతినిధులు, రైతులు లాకుల దగ్గర చేరి, గోదావరి తల్లికి పసుపు కుంకుమ, చీర, పూలు సమర్పించి, కొబ్బరికాయ కొట్టాక గేట్లు ఎత్తుతారు. ప్రభుత్వ శాఖ చేసే పని అయినా పల్లెల్లో దాన్ని పండగలాగే చూస్తారు. ఎండిన కాలువలో తొలి నీరు నురగలతో వస్తుంటే ఒడ్డున నిలబడి దండం పెట్టని రైతు ఉండడు.

ఈ భక్తిలో కాటన్‌కూ వాటా ఉంది. గోదావరి స్నానపుణ్యం నిత్యం అందించిన భగీరథుడిగా ఆయనను స్మరించే సంస్కృత శ్లోకమొకటి ఇక్కడి పండితుల నోళ్లలో ఉంది. సంకల్పంతో పాటు దాన్ని చదివేవాళ్లూ ఉన్నారు. ఆయన పుట్టినరోజు మే 15న విగ్రహాలకు పూలదండలు వేస్తారు. పరాయి ప్రభుత్వపు సైనిక ఇంజనీరుకు ఒక ప్రాంతపు ప్రజలు తమ పూజలో చోటివ్వడం కృతజ్ఞతకు గొప్ప ఉదాహరణ.

జ్యేష్ఠ పౌర్ణమి ఏరువాక. ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులేసి, మెడలో గంటలు, పూలదండలు కట్టి, నాగలికి, కాడికి పసుపు రాసి పూజ చేసి తొలి చాలు తోలడం ఆచారం. ఎద్దులు తగ్గి ట్రాక్టర్లు వచ్చాక బొట్టూ దండా ట్రాక్టరుకు పెడుతున్నారు. నారుమడికి విత్తనం చల్లేటప్పుడూ, ఊడ్పులు మొదలుపెట్టేటప్పుడూ ఈశాన్య మూల పసుపు, కుంకుమ, కొబ్బరికాయతో భూదేవికి నమస్కరించి తొలి మొక్కలు నాటుతారు. ఊడ్పు ఆడవాళ్ల పని కావడంతో ఈ పూజలో ముందు వరస వాళ్లదే. పురోహితుడు రాడు. కొత్త ధాన్యం ఇంటికి వచ్చాక ముందు దేవుడికి పొంగలి పెట్టి తరువాత తినడం సంక్రాంతి దాకా సాగే ఇదే వరసకు కొనసాగింపు.

నీటి మీద బతికేవాళ్లకు గంగమ్మే దిక్కు. పడవ తొలిసారి నీళ్లలోకి దించేటప్పుడు ముక్కుకు పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, గంగమ్మకు మొక్కుతారు. పాపికొండల వైపు వెళ్లే లాంచీలు గండి పోచమ్మ గుడి దగ్గర ఆగడం మామూలు. ఇరుకు కొండల మధ్య సుడులున్న ప్రయాణానికి ముందు అమ్మవారికి దండం పెట్టుకోవడం పాత పడవవాళ్ల నుంచి వచ్చిన అలవాటు.

ఇల్లు, పెళ్లి

ఇల్లు కట్టడంలో ఒక్క పూజ కాదు, పూజల వరస ఉంది. మొదటిది శంకుస్థాపన. స్థలానికి ఈశాన్య మూల గొయ్యి తీసి, నవధాన్యాలు, నవరత్నాలు, పంచలోహాలు వేసి, పాలు పోసి, శంకువు నిలబెడతారు. నేలను తవ్వడం ఒక విధంగా గాయం చేయడమేనని, అందులో ఉన్న ప్రాణులకు ఇబ్బంది కలుగుతుందని తెలిసి అడిగే క్షమాపణ ఈ పూజలో ఉంది. ఆ తర్వాత ద్వారబంధం నిలబెట్టే రోజు మరో పూజ. గుమ్మం పైన నవధాన్యాల మూట, మామిడి తోరణం, గడపకు పసుపు. తాపీ మేస్త్రికీ, వడ్రంగికీ బట్టలు, తాంబూలం ఇచ్చి, వాళ్ల పనిముట్లకు బొట్టు పెడతారు.

గృహప్రవేశం తరచుగా తెల్లవారుజామున ఉంటుంది. గుమ్మడికాయ పగలగొట్టి, ఆవునూ దూడనూ ముందు నడిపించి, దంపతులు దేవుడి పటాలు, నీళ్ల బిందె, పసుపు కుంకుమ, ఉప్పు పప్పు పట్టుకుని కుడికాలు ముందు పెట్టి వెళ్తారు. కొత్త పొయ్యి మీద పాలు పొంగించి, ఆ పాలతో పరమాన్నం వండుతారు. వాస్తు హోమం, ఆ పైన సత్యనారాయణ వ్రతం.

గోదావరి జిల్లాల్లో కొత్త ఇల్లైనా, కొత్త కాపురమైనా సత్యనారాయణ వ్రతం లేనిదే పూర్తయినట్టు కాదు. అన్నవరం రత్నగిరి మీద శ్రీ వీరవేంకట సత్యనారాయణస్వామి వెలసింది 1891లో. పంపా నది పక్కనున్న ఆ కొండ మీద కొత్త దంపతులు సామూహికంగా వ్రతం చేసుకుని, ఆకులో పొట్లం కట్టిన గోధుమనూక ప్రసాదంతో ఇంటికి వస్తారు. వ్రతకథ స్కాంద పురాణం రేవాఖండంలోదని చెబుతారు. అందులో వర్తకుడు బిడ్డ పుడితే వ్రతం చేస్తానని, ఆమె పెళ్లికి చేస్తానని వాయిదా వేస్తూ పోయి కష్టాల పాలవుతాడు. బిడ్డను కోరినందుకు కాదు, అన్నమాట నిలుపుకోనందుకు అతనికి శిక్ష. వ్యాపారంలో మాట మీద నిలబడాల్సిన వర్తకుల మధ్య ఈ కథ ఇంతగా పాకడానికి అది కారణమై ఉంటుంది.

పెళ్లి పనులు పసుపు దంచడంతో మొదలు. రోలుకీ రోకలికీ పసుపు రాసి, తోరణం కట్టి, ముత్తైదువలు కలిసి పసుపు కొమ్ములు దంచుతారు. పందిరి రాటకు నవధాన్యాల మూట, మామిడాకులు కట్టి, గోతిలో పాలు పోసి నిలబెడతారు. ముహూర్తానికి ముందు పెళ్లికూతురు గౌరీపూజ చేస్తుంది. పెళ్లికి ముందు గౌరి గుడికి వెళ్లిన రుక్మిణి దీనికి ఆదర్శం. పెళ్లికాని ఆడపిల్లలు పోతన భాగవతంలోని రుక్మిణీ కల్యాణ ఘట్టం చదవడం డెల్టా ఇళ్లలో ఇప్పటికీ ఉంది. బారసాలకూ, అన్నప్రాశనకూ, సీమంతానికీ గణపతి పూజ, పుణ్యాహవాచనం మామూలే.

అక్షరం, గ్రంథం, రంగస్థలం

అక్షరాభ్యాసంలో పళ్లెంలో పోసిన బియ్యం మీద బిడ్డ వేలు పట్టుకుని శివ పంచాక్షరితో తొలి రాత రాయిస్తారు. మన ఓనమాలు పుట్టింది అక్కడే. వీలున్నవాళ్లు బాసర సరస్వతి సన్నిధికి వెళతారు, లేనివాళ్లు వసంత పంచమికో దసరాకో ఇంట్లోనే చేస్తారు. వినాయక చవితి నాడు పాలవెల్లి కింద పిల్లల పుస్తకాలు పెట్టి, అట్టల మీద పసుపుతో శ్రీకారం రాస్తారు. పరీక్షల రుతువులో అయినవిల్లి సందడి వేరు. అక్కడ లక్ష కలాలకు పూజ చేసి విద్యార్థులకు పంచిపెడతారు. కలం తెచ్చుకున్నంత మాత్రాన మార్కులు రావని పిల్లలకూ తెలుసు. ఆ కలం పట్టుకున్నప్పుడు చేయి వణకడం తగ్గుతుంది. అదీ చిన్న మేలేమీ కాదు.

కవులు కావ్యాన్ని ఇష్టదేవతా స్తుతితో ఆరంభించడం అలంకార శాస్త్రం చెప్పిన నియమం. 11వ శతాబ్దంలో రాజరాజనరేంద్రుడి రాజమహేంద్రవరంలో నన్నయ తన భారతాన్ని త్రిమూర్తులను కొలిచే సంస్కృత శ్లోకంతో మొదలుపెట్టాడు. తెలుగు కావ్య చరిత్రకు తలుపు తెరిచిన పద్యం తెలుగులో కాక సంస్కృతంలో ఉండటానికీ కారణం ఈ మంగళాచరణమే. పద్య నాటకాల్లో తెర లేవకముందు నటులంతా వేషాలతో నిలబడి ప్రార్థన పాడతారు. హరికథకుడూ, బుర్రకథ దళమూ అంతే. సినిమావాళ్లు దేవుడి పటాల మీద తొలి షాట్ తీసి, క్లాప్ కొట్టి, గుమ్మడికాయ పగలగొట్టే రోజున షూటింగ్ ముగించడం దీనికి నేటి రూపం.

బోణీ, మిల్లు, బండి

సంతలో కూరగాయలు అమ్మే అవ్వ మొదటి బేరం డబ్బును కళ్లకద్దుకుని తూకం మీద తాకించి దాచుకుంటుంది. బోణీ చేసిన మనిషి చేయి మంచిదైతే రోజంతా బేరాలు సాగుతాయని నమ్మకం. ఆరంభ పూజల్లో ఇంత చిన్నది, రోజూ జరిగేది ఇంకొకటి లేదు. దుకాణాల్లో కొత్త ఖాతా పుస్తకం మొదటి పేజీలో శ్రీకారం, పసుపు బొట్టు. కంప్యూటరు వచ్చిన చోట దాని తెర పక్కన కుంకుమ బొట్టు.

దసరాకు రైసు మిల్లుల్లో ఆయుధపూజ ఘనంగా జరుగుతుంది. యంత్రాలు ఆపి, కడిగి, బెల్టులకు, మోటార్లకు పూలు చుట్టి, గుమ్మడికాయ కొట్టి, కార్మికులకు కొత్త బట్టలు, మిఠాయి పంచుతారు. ఏడాదంతా గింజ ఆడించే మర ఆ ఒక్కరోజు విశ్రాంతిలో ఉంటుంది. విజయదశమి సాయంత్రం జమ్మిచెట్టుకు ప్రదక్షిణ చేసి, కోరికలు రాసిన కాగితాలు కొమ్మలకు తగిలిస్తారు. కొత్త బండి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం ఏ గుడి ముందైనా కనిపిస్తుంది.

ప్రభుత్వ ఆరంభాలు, విమర్శలు

ప్రభుత్వాలూ ఈ ఆచారాన్ని వదులుకోలేదు. 2015 అక్టోబరు 22న, విజయదశమి నాడు అమరావతికి శంకుస్థాపన జరిగినప్పుడు రాష్ట్రంలోని ఊరూరి మట్టీ నీరూ అక్కడికి చేర్చారు. ప్రధానమంత్రి పార్లమెంటు ఆవరణ మట్టినీ యమునా జలాన్నీ తెచ్చారు. శ్రీహరికోట ప్రయోగాలకు ముందు శాస్త్రవేత్తలు రాకెట్ నమూనాను తిరుమల స్వామి ముందు పెట్టడం, సూళ్లూరుపేట చెంగాళమ్మను దర్శించడం తెలిసిందే. 2023 జులై 14న చంద్రయాన్-3 ఎగరడానికి ముందు కూడా ఇది జరిగింది.

దీన్ని హేతువాదులు ప్రశ్నిస్తున్నారు. శాస్త్రీయ దృక్పథం పెంచడం పౌరుల ప్రాథమిక విధి అని రాజ్యాంగం 51ఎ అధికరణం చెబుతుండగా ప్రభుత్వ సంస్థల్లో పూజలేమిటని వాళ్లు అడుగుతారు. అన్ని మతాల వాళ్లూ పన్ను కట్టే దేశంలో ప్రభుత్వ వేదిక మీద ఒకే మతపు తంతు ఉండవచ్చా అన్న ప్రశ్న న్యాయమైనదే. శాస్త్రవేత్త వ్యక్తిగతంగా గుడికి వెళ్లడం వేరు, సంస్థ తరఫున తంతు జరపడం వేరు అన్న తేడా నిలుపుకోవడం అవసరం.

ఆరంభ ఆచారాల మీద విమర్శ బయటి నుంచి వచ్చింది కాదు, గోదావరి ఒడ్డునే పుట్టింది. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం (1848–1919) శకునాల భయాన్నీ, ముహూర్తాల మీద అతి నమ్మకాన్నీ జీవితమంతా ఎదుర్కొన్నారు. 1881 డిసెంబరు 11న ఆయన జరిపించిన వితంతు వివాహం అంతకుముందు అశుభమని పక్కన పెట్టిన మనుషులను ఆరంభానికి అర్హులను చేసింది. ఆరంభ పూజల్లో ముత్తైదువలకే చోటిచ్చి భర్త పోయినవాళ్లను గుమ్మం అవతల నిలబెట్టడం ఈ సంప్రదాయంలోని పెద్ద తప్పు. కన్నతల్లి ఎదురొస్తే ప్రయాణం ఆపుకున్న ఇళ్లు ఎన్నో ఉన్నాయి. దీన్ని ఆచారమని సమర్థించుకోవడానికి ఏ కారణమూ లేదు. ఇప్పుడు పిల్లల పెళ్లిళ్లలో అమ్మ చేత్తోనే తొలి అక్షతలు వేయించుకుంటున్న కుటుంబాలు పెరుగుతున్నాయి.

కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి (1887–1943) మరో దారి పట్టారు. చేయించేవాడికీ చేసేవాడికీ అర్థం తెలియని మంత్రంతో పెళ్లి మొదలుపెట్టడమేమిటని అడిగి, పురోహిత వర్గం అవసరం లేకుండా తెలుగు మాటలతోనే జరుపుకునేలా ‘వివాహ విధి’ రాశారు. ఆ పద్ధతిలో ఎన్నో పెళ్లిళ్లు స్వయంగా జరిపించారు. వధూవరులు పలికే ప్రతి మాటా పందిట్లో కూర్చున్న వాళ్లందరికీ తెలిసేలా ఉండాలన్నది ఆయన పట్టుదల.